గురుముఖి: ప్రజల లిపి, పవిత్ర లిపి

1

ఈ మధ్య మా జిల్లా కేంద్రంలో యువ రచయితల కోసం రెండు రోజుల సాహిత్య పాఠశాల జరిగింది. రెండో రోజు మధ్యాహ్నం భాషోద్యమాల మీద నేను మాట్లాడుతుండగా ఒక ఎం.ఏ. విద్యార్థిని లేచి నిలబడి ఒక కాగితం చూపించింది. ఆమె వెళ్ళే యోగా తరగతిలో ఇచ్చారట. దాని నిండా ఇంగ్లీషు అక్షరాల్లో మంత్రాలున్నాయి. అవి 'గురుముఖి' అనే పవిత్ర భాషలోవని, అర్థం తెలియకపోయినా ఫరవాలేదని, పలికేటప్పుడు నాలుక అంగిటిని తాకే చోట్లలోనే వాటి మహిమ ఉన్నదని కింద రాసి ఉంది. "గురుముఖి ఏ ప్రజల భాష సార్? మీరు చెప్పిన భాషల్లో దాని పేరు రాలేదే" అని ఆమె అడిగింది.

"అది భాష కాదమ్మా, లిపి. అయినా అది మతం వాళ్ళ వ్యవహారం. దానితో మనకేం పని?" అన్నాను. కొందరు నవ్వారు. ఆమె కూర్చుంది. నేను నా ఉపన్యాసంలోకి వెళ్ళిపోయాను.

ఇంటికి వచ్చాక ఆ జవాబు నన్ను బాధపెట్టింది. అందులో మొదటి వాక్యం నిజం, రెండో వాక్యం అబద్ధం. ఒక లిపి ఎవరి అవసరం కోసం పుట్టింది, ఎవరి చేతుల్లో పెరిగింది, ఎప్పుడు పవిత్రమైంది, ఆ పవిత్రత వల్ల ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు అన్న ప్రశ్నలు మతం వాళ్ళవి మాత్రమే కావు. అవి సాహిత్య చరిత్రకు సంబంధించిన ప్రశ్నలు. పైగా గ్రాంథిక వ్యావహారిక పోరాటం నడిచిన గడ్డ మీద పుట్టిన మనం అడగవలసిన ప్రశ్నలు. ఆ విద్యార్థినికి ఇవ్వవలసిన జవాబును ఆలస్యంగానైనా ఇక్కడ రాస్తున్నాను.

2

మొదట ఒక విషయం తేల్చుకోవాలి. గురుముఖి లిపి పేరు. ఆ లిపిలో రాసే నేటి భాష పంజాబీ. సిక్కుల పవిత్ర గ్రంథంలో ఉన్న భాష పూర్తిగా నేటి పంజాబీ కాదు, ఏదో ఒక భాష కూడా కాదు. లిపినీ భాషనూ ఒకటిగా కలిపెయ్యటం యోగా కాగితంతో మొదలైన పొరపాటు కాదు. దానికి పెద్ద చరిత్రే ఉంది. ఆ సంగతి తరవాత చూద్దాం.

గురుముఖి పుట్టుక గురించి సంప్రదాయం చెప్పేది ఇది: రెండో గురువు అంగద్ (1504-1552) ఖడూర్ గ్రామంలో ఉంటూ ఈ అక్షరాలను దిద్దితీర్చి, పిల్లలకు తానే నేర్పాడు. గురువు ముఖం నుంచి వచ్చిన వాక్కును రాసిపెట్టేది కాబట్టి గురుముఖి అయింది. అయితే అక్షరాలు అంతకు ముందే ఉన్నాయనటానికి గట్టి ఆధారం సిక్కు గ్రంథంలోనే ఉంది. మొదటి గురువు నానక్ (1469-1539) ఆసా రాగంలో 'పట్టీ' అనే రచన చేశాడు. పట్టీ అంటే పిల్లల పలక. మన అక్షరాంక పద్యాల లాగా ఒక్కో అక్షరానికి ఒక్కో పద్యం. అందులో లెక్కకు వచ్చే అక్షరాలు 35. నేటికీ పంజాబీ పిల్లలు తమ వర్ణమాలను 'పైంతీ' అంటారు, అంటే ముప్పై అయిదు. అదే గ్రంథంలో కబీరు పేరున ఉన్న అక్షరమాల రచన 'బావన్ అఖరీ', అంటే యాభై రెండు అక్షరాలది. యాభై రెండు పండితుల లెక్క, ముప్పై అయిదు బజారు లెక్క. కాబట్టి అంగద్ చేసినది శూన్యం నుంచి సృష్టించటం కాదు. జనంలో ఉన్న అక్షరాలను ఏరి, సరిచేసి, గ్రంథరచనకు పనికివచ్చేట్టు నిలబెట్టటం. నా దృష్టిలో ఇది సృష్టి కంటే చిన్న పనేమీ కాదు.

ఆ అక్షరాలు ఎవరివి? కాశ్మీరు ప్రాంతపు శారదా లిపి నుంచి దిగివచ్చిన రాతల్లో పంజాబులో 'లండా' అని ఒక కుటుంబం ఉంది. అది వర్తకుల రాత. పద్దులు, హుండీలు, బాకీలు రాసుకోవటానికి వాడేది. అందులో చాలాసార్లు అచ్చుల గుర్తులు ఉండవు. రాసినవాడికే తెలియాలి, లేదా వాడి వృత్తివాడికి తెలియాలి. మన కరణాల గొలుసుకట్టు రాత గుర్తు తెచ్చుకోండి. రైతు తన భూమి లెక్క తాను చదువుకోలేడు. ఆ చదవలేకపోవటం మీదే కరణం పెత్తనం నిలబడింది. లండా రాత చేసిన పనీ కొంతవరకు అదే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. నానక్ తండ్రి తల్వండీ గ్రామంలో పట్వారీ, అంటే మన భాషలో కరణం. నానక్ స్వయంగా సుల్తాన్‌పూర్‌లో నవాబు దౌలత్ ఖాన్ లోడీ ధాన్యం కొట్టులో లెక్కలు రాశాడు. అంగద్ తండ్రి వర్తకుడు. అంటే పద్దుల రాత లోగుట్టు తెలిసిన ఇళ్ళలో పుట్టిన మనుషులే ఆ రాతకు అచ్చులు చేర్చి, ఎవరు రాసినా ఎవరైనా చదవగలిగే లిపిగా మార్చారు. గోప్యం కోసం ఉన్న రాత ప్రకటన కోసం నిలబడింది. దీన్ని నేను చరిత్రలో జరిగిన ఒక ప్రజాస్వామిక చర్య అంటాను. దాన్ని చేసినవాళ్ళు దేవుడి పేరు మీద చేశారన్నంత మాత్రాన దాని స్వభావం మారదు.

లిపి నిర్మాణంలోనూ ఈ స్వభావం కనిపిస్తుంది. ఊడా, ఐడా, ఈడీ అనే మూడు అక్షరాలను ఆధారం చేసుకుని గుణింతాల గుర్తులతో పది అచ్చులూ రాస్తారు. ఒత్తులు చాలా తక్కువ. మామూలుగా అక్షరం కింద చేరేవి హకార, రేఫ, వకారాలు మాత్రమే. ఇది లోపమని అన్నవాళ్ళు ఉన్నారు. అలా అన్నవాళ్ళలో భగత్ సింగ్ ఒకడంటే పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు. లాహోరు నేషనల్ కాలేజీలో చదివే రోజుల్లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, అతను పంజాబు భాషా లిపుల సమస్య మీద హిందీలో ఒక వ్యాసం రాశాడు. గురువులు జనభాషలో బోధించి జాతిని మేల్కొలిపారని మెచ్చుకున్నాడు. అయితే సంయుక్తాక్షరాలు సరిగా రాయలేని ఈ లిపి అసంపూర్ణమని, పంజాబీకి నాగరి లిపి మేలని వాదించాడు. జాతీయ సమైక్యత కోసం అతను పడిన తపన మనకు అర్థమవుతుంది. కాని వాదం నిలవదు. 'ధర్మ' అన్న మాటను పంజాబీ రైతు 'ధరమ్' అనే పలుకుతాడు. మన పల్లెల్లో ధర్మప్రభువులు 'దరమ పెబువులు' అయినట్టే. నోట లేని ఒత్తు లిపిలో ఎందుకుండాలి? గురుముఖి సంస్కృతం రాయటానికి పుట్టలేదు. సంస్కృతాన్ని కొలబద్ద చేసుకుని ఒక ప్రజల లిపిని లోపభూయిష్టమనటం ఎంతటి విప్లవకారుడికైనా తగదు.

3

ఈ లిపిలో తయారైన మహాగ్రంథం 'ఆదిగ్రంథ్'. అయిదో గురువు అర్జున్ సంకలనం చేస్తే భాయీ గురుదాస్ రాయసకాడు. 1604లో అమృతసర్ హరిమందిరంలో దాన్ని ఉంచారు. రెండేళ్ళకు, 1606లో, లాహోరులో మొగలుల నిర్బంధంలో అర్జున్ మరణించాడు. తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ రచనలను పదో గురువు గోవింద్ సింగ్ తరవాత చేర్చాడు. 1708లో నాందేడ్‌లో ఆయన చనిపోయేముందు ఇక మీదట ఈ గ్రంథమే గురువన్నాడని సిక్కుల విశ్వాసం. నేడు అచ్చులో దానికి 1430 పుటలు. ప్రధానంగా 31 రాగాల కింద కూర్చిన పాటల గ్రంథం అది.

అందులో ఎవరున్నారో చూడండి. ఆరుగురు గురువులతో పాటు పదిహేనుమంది భక్తకవులున్నారు. కబీరు సాలెవాడు. రవిదాస్ చర్మకారుడు. నామదేవుడు దర్జీ, మరాఠీవాడు. సేన్ మంగలి. సధనా కసాయి. ధన్నా జాట్ రైతు. షేక్ ఫరీద్ ముసల్మాను సూఫీ. జయదేవుడి పేరున కూడా రెండు పాటలున్నాయి. బ్రాహ్మణుడి పాట, చర్మకారుడి పాట ఒకే అట్టల మధ్య, ఒకే లిపిలో, ఒకే గౌరవంతో నిలిచాయి. ఆ కాలపు వర్ణవ్యవస్థలో ఇది మాటలతో పోయే సంగతి కాదు.

ఇంతమంది కవుల భాష ఒకటి ఎలా అవుతుంది? పాత పంజాబీ, పడమటి పంజాబు పలుకుబడి, వ్రజభాష, ఖడీబోలీ, మరాఠీ ఛాయలు, పారశీక పదాలు, సంస్కృతం ధోరణిలో నడిచే 'సహస్కృతి' శ్లోకాలు అన్నీ అందులో ఉన్నాయి. పండితులు దీనికి సంత్ భాష అని పేరు పెట్టారు. ఇది ఏ కాశీలోనూ తయారైనది కాదు. ఊరూరా తిరిగే సాధువులు, ఫకీరులు, వర్తకులు, చేతివృత్తుల వాళ్ళు ఒకరికొకరు అర్థమయ్యేటట్టు మాట్లాడుకున్న మాట. శివకవులు జాను తెనుగు అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్న ప్రమాణం ఏదో ఇక్కడా అదే ఉన్నది: వినేవాడికి అర్థం కావాలి.

మరి ఆ భాష నేడు పంజాబీ వాళ్ళకే పూర్తిగా ఎందుకు అర్థం కాదు? కాలం మారింది, నుడి మారింది, గ్రంథం మారలేదు. మాటల చివర ఉండే హ్రస్వ ఇకార ఉకారాల గుర్తులను నేటి పాఠకులు చాలా చోట్ల పలకరు. అవి ఒకప్పటి విభక్తుల జాడలని ఇరవయ్యో శతాబ్దంలో సాహిబ్ సింగ్ (1892-1977) వ్యాకరణం రాసి చూపించాడు. పాత ప్రతుల్లో మాటల మధ్య ఖాళీ కూడా ఉండదు, వరస అంతా ఒకే గొలుసు. అచ్చు పుస్తకాల్లో మాటలను విడదీసినప్పుడు ఎక్కడ విడదీయాలి అన్నదానిమీదే వాదాలు నడిచాయి. ఈలోగా కాశీలో సంస్కృతం చదివిన నిర్మల సాధువులు వచ్చి అదే గ్రంథానికి వేదాంత వ్యాఖ్యానం చెప్పారు. సంస్కృతాన్ని పక్కకు నెట్టి పుట్టిన వాక్కును మళ్ళీ సంస్కృతం ద్వారా వివరించవలసిన పరిస్థితి దాపురించింది. భాష పవిత్రమైనకొద్దీ దానికి వ్యాఖ్యాత కావలసివస్తాడు. వ్యాఖ్యాత వచ్చినచోట పెత్తనం వస్తుంది.

4

ఇక యోగం సంగతి. గురుముఖి మంత్రాలతో యోగం చేయటం నానక్ నాటి నుంచీ ఉన్న సంప్రదాయమని నేడు చాలామంది అనుకుంటున్నారు. చరిత్ర వేరే చెబుతుంది.

నానక్ కాలానికి పంజాబులో గోరఖ్‌నాథుని అనుయాయులైన నాథయోగుల పలుకుబడి గట్టిగా ఉండేది. మనకు వాళ్ళు కొత్తవాళ్ళు కారు. పదిహేనో శతాబ్దంలో గౌరన ద్విపదలో రాసిన 'నవనాథ చరిత్ర' వాళ్ళ కథే. నానక్ వాళ్ళతో జరిపిన సంవాదం 'సిధ్ గోష్టి' అనే పేరుతో రామకలీ రాగంలో ఉంది. వాళ్ళ పరిభాషనంతా ఆయన తీసుకున్నాడు. నాదం, శబ్దం, శూన్యం, సహజం అన్న మాటలన్నీ ఉన్నాయి. కాని వాటి అర్థాన్ని తిప్పాడు. బూడిద, కుండలాలు, బొంత, దండం యోగం కాదన్నాడు. ఇల్లు విడిచి కొండ ఎక్కినవాడు మళ్ళీ తిండికోసం గృహస్థు గుమ్మం ముందే నిలబడతాడని గుర్తుచేశాడు. తానే చివరి ఏళ్ళు కర్తార్‌పూర్‌లో పొలం దున్ని బతికాడు. మన వేమన కూడా యోగి పేరుతోనే దొంగ యోగుల్ని చీల్చి చెండాడాడు. ఇద్దరూ యోగం లోపలి భాషతోనే యోగుల్ని ప్రశ్నించినవాళ్ళు.

సిక్కు సంప్రదాయంలో నామస్మరణ ఉంది, కీర్తన ఉంది. ఆ కీర్తనకు మొదటి వాద్యకారుడు నానక్ వెంట రబాబు పట్టుకు తిరిగిన మర్దానా, ముసల్మాను. అతని పరంపర అని చెప్పుకునే ముసల్మాను రబాబీలు 1947 దాకా అమృతసర్ హరిమందిరంలో పాడారు. దేశ విభజనతో వాళ్ళు పాకిస్తాను వెళ్ళిపోవలసివచ్చింది. ఈ గానం ఒక్కనాటికీ ఒక్క మతస్థులది కాదనటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఆ విద్యార్థిని చూపించిన కాగితంలోని యోగం మాత్రం ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో అమెరికాలో రూపుదిద్దుకున్నది. హర్భజన్ సింగ్ (1929-2004) అనే ఆయన 1968లో కెనడా చేరి, అక్కణ్ణుంచి లాస్ ఏంజెలిస్ వెళ్ళి 'యోగి భజన్' అయ్యాడు. 1969లో సంస్థ పెట్టాడు. వియత్నాం యుద్ధంతో, వినిమయ సంస్కృతితో విసిగిన అమెరికన్ యువకులు ఆయన చుట్టూ చేరారు. హఠయోగ పద్ధతులకు గురుగ్రంథం నుంచి, సిక్కుల జపం నుంచి తీసుకున్న మాటలను జోడించి, 'కుండలినీ యోగం' పేరుతో, ఇది తరతరాల రహస్యవిద్య అని చెప్పాడు. అంగిటిలో 84 బిందువులున్నాయని, మంత్రం పలికినప్పుడు నాలుక వాటిని మీటుతుందని చెప్పినది ఈ బోధనలోనే. ఫిలిప్ డెస్లిప్ అనే పరిశోధకుడు 2012లో ఈ విద్యకు అంత ప్రాచీనత లేదని, ధీరేంద్ర బ్రహ్మచారి యోగపద్ధతి, విర్సా సింగ్ జపపద్ధతి కలిసి అయిన కూర్పు అని చూపించాడు. 2020లో ఆ సంస్థలే వేయించిన విచారణ, శిష్యురాళ్ళ మీద ఆయన లైంగిక దౌర్జన్యం చేశాడన్న ఆరోపణల్లో చాలావాటిని నమ్మదగినవిగా తేల్చింది. అర్థం అడగవద్దు, శబ్దాన్ని నమ్ము అన్న బోధకూ, ప్రశ్నించవద్దు, గురువును నమ్ము అన్న ఏర్పాటుకూ సంబంధం లేదని నేను అనుకోలేను.

ఆయన వెంట సిక్కు మతంలో చేరిన అమెరికన్లలో నిజాయితీగా గురుముఖి నేర్చుకున్నవాళ్ళు, గ్రంథం చదివేవాళ్ళు, కీర్తన సాధన చేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను తక్కువ చేసి మాట్లాడను. నా అభ్యంతరం యోగా బజారుకెక్కిన సరుకు మీద. ఆ కాగితంలో గురుముఖి అన్న పేరుంది గాని ఒక్క గురుముఖి అక్షరం లేదు. పంజాబీలో స్వరం ఎక్కించీ దించీ పలికితే అర్థం మారుతుంది. ఘకారం రాసినచోట నోట వచ్చేది దిగు స్వరంతో కకారం. ఇంగ్లీషు అక్షరాల్లో అదంతా పోయింది. లిపి పోయింది, స్వరం పోయింది, అర్థం పోయింది, మర్దానా పోయాడు, రవిదాస్ పోయాడు. మిగిలింది పవిత్రత ఒక్కటే. చెమటోడ్చి పలికిన మాటల్లోంచి చెమటను తీసేసి అమ్మితే అలాగే ఉంటుంది.

5

గురుముఖికి రాజ్యం అండ ఎప్పుడు దొరికింది అన్న ప్రశ్నకు జవాబు మరీ ఆశ్చర్యకరమైనది. రంజిత్ సింగ్ మహారాజు 1799లో లాహోరు పట్టుకుని సిక్కు రాజ్యం స్థాపించినప్పుడు కూడా దొరకలేదు. ఆయన దర్బారు భాష పారశీకమే. 1849లో ఇంగ్లీషువాళ్ళు పంజాబును కలుపుకుని ఉర్దూను కచ్చేరీ భాష చేశారు. పంజాబీ వాళ్ళ దృష్టిలో ఒక మొరటు మాండలికం. 1882లో లైట్నర్ రాసిన పంజాబు దేశీయ విద్య చరిత్ర చూస్తే, బ్రిటిష్ పాలన కింద గ్రామాల్లోని పాత బడులు, అందులో గురుముఖి బడులు కూడా, ఎలా క్షీణించాయో తెలుస్తుంది.

మరి ఈ లిపి ఎలా బతికింది? మతం బతికించింది. ఈ మాట ఒప్పుకోవటానికి నాబోటివాడికి కొంత ఇబ్బందిగానే ఉంటుంది గాని సత్యం అది. ధర్మశాలలో భాయీ నేర్పాడు, ఇంట్లో తల్లి నేర్పింది. గ్రంథం చదవాలంటే అక్షరం కావాలి, ఆ ఒక్క అవసరం చాలింది. అచ్చుకు మాత్రం పరాయి మతం వాళ్ళు ముందుగా ఎక్కించారు. శ్రీరాంపూర్‌లో విలియం కేరీ 1812లో పంజాబీ వ్యాకరణం అచ్చువేశాడు. రెండేళ్ళకు, 1814లో, తెలుగు వ్యాకరణం వేసినదీ ఆయనే. 1873లో అమృతసర్‌లో, 1879లో లాహోరులో సింగ్ సభలు ఏర్పడ్డాక సిక్కులే పత్రికలు, కరపత్రాలు, నవలలు తీసుకువచ్చారు. భాయీ వీర్ సింగ్ 1898లో ప్రచురించిన 'సుందరీ'ని పంజాబీ తొలి నవల అంటారు.

పవిత్ర లిపి విప్లవ లిపి కూడా అయింది. 1913లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'గదర్' పత్రిక నవంబరులో ఉర్దూలో, డిసెంబరులో గురుముఖిలో వెలువడింది. కాలిఫోర్నియా తోటల్లో, రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీ కూలీలు గ్రంథం చదవటానికి నేర్చుకున్న అక్షరాలతోనే తెల్లదొరల దోపిడి లెక్క చదివారు. ఆ పత్రిక పనిలో తలమునకలైన కర్తార్ సింగ్ సరాభాను 1915 నవంబరు 16న లాహోరులో ఉరితీశారు. ఆ గదర్ పార్టీలో మన దరిశి చెంచయ్య కూడా ఉన్నాడని, ఆ అనుభవాలను 'నేనూ నా దేశం'లో రాశాడని తెలుగు పాఠకులకు తెలుసు.

స్వాతంత్ర్యం తరవాత కథ మనకు మరీ దగ్గరిది. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరవాత 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పంజాబీ వాళ్ళు అదే అడిగితే 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం కాదన్నది. వాళ్ళ కోరిక భాషదా మతానిదా అన్న అనుమానం అడుగడుగునా అడ్డం వచ్చింది. 1951లోనూ 1961లోనూ జనాభా లెక్కలప్పుడు పంజాబీ మాట్లాడే లక్షలాది హిందువులు తమ మాతృభాష హిందీ అని రాయించుకున్నారు. ఇంట్లో తల్లితో మాట్లాడే భాషను కాదనిపించిన శక్తి ఏది? గురుముఖి సిక్కుల లిపి, కాబట్టి పంజాబీ సిక్కుల భాష అన్న ప్రచారమే. లిపినీ భాషనూ మతాన్నీ ఒకటిగా కలిపితే ఏమవుతుందో చూడండి. చివరికి పంజాబీ రాష్ట్రం 1966 నవంబరు 1న, మనకంటే సరిగ్గా పదేళ్ళు ఆలస్యంగా, వచ్చింది.

6

పవిత్రత రక్షణ ఇచ్చింది. దానికి మూల్యం కూడా వసూలు చేసింది. ఆ మూల్యాన్ని లెక్కగట్టకపోతే ఈ వ్యాసం స్తోత్రం అవుతుంది.

పంజాబీ మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది నేడు పాకిస్తానులో ఉన్నారు. వాళ్ళు రాస్తే షాముఖీ అనే పారశీక లిపిలో రాస్తారు. బుల్లేషా, వారిస్ షా వాళ్ళవాళ్ళు, వీళ్ళవాళ్ళు కూడా. 1947 మారణకాండ చూసి అమృతా ప్రీతమ్ వారిస్ షాను పిలుస్తూ రాసిన గీతం సరిహద్దుకు రెండు వైపులా కన్నీరు పెట్టించింది. కాని ఒక వైపు రాసింది రెండో వైపు మామూలు పాఠకుడు చదవలేడు. రెండు లిపులూ రెండు మతాల గుర్తులైపోయాయి. ఫరీద్‌ను తన గ్రంథంలో చేర్చుకున్న లిపికి ఫరీద్ ఊరివాళ్ళు దూరమయ్యారు.

రెండోది కులం. రవిదాస్ పాటకు సాష్టాంగపడిన చేతులే రవిదాస్ కులంవాడి ప్రసాదాన్ని తోసేశాయి. 1920 అక్టోబరు 12న సిక్కు మతంలో చేరిన దళితులు హరిమందిరానికి ప్రసాదం తీసుకువెళితే పూజారులు అందుకోలేదు. గొడవ జరిగాక గ్రంథం తెరిచి చూద్దామన్నారు. తెరిచిన పుట వాళ్ళకు అనుకూలంగా వచ్చింది. గురుద్వారా సంస్కరణోద్యమానికి ఆ రోజు ఒక మలుపు. అయినా పల్లెల్లో వేరు గురుద్వారాలు, వేరు శ్మశానాలు పోలేదు. 2009లో వియన్నాలో రవిదాసీల గురువు ఒకరిని చంపాక, 2010లో వాళ్ళలో ఒక పెద్ద వర్గం వేరు మతం ప్రకటించి, రవిదాస్ పాటలతోనే వేరు గ్రంథం ఏర్పరచుకుంది. ఆ గ్రంథాన్ని కూడా గురుముఖిలోనే రాసుకున్నారు. మతం విడిచారు గాని లిపి విడవలేదు. ఇది నన్ను చాలా ఆలోచింపజేసింది. లిపి గుడిది కాదు, తమది అని వాళ్ళు తమ చేతలతో చెప్పారు.

ఆధునిక కవులు చెప్పినదీ అదే. దళిత కుటుంబాల్లో పుట్టిన సంత్ రామ్ ఉదాసీ (1939-1986), లాల్ సింగ్ దిల్ (1943-2007) నక్సల్బరీ తరంలో గురుముఖి అక్షరాల్లో కూలివాడి ఆకలిని రాశారు. పాశ్ (1950-1988) జైలుకు వెళ్ళాడు, రాజ్యాన్ని ప్రశ్నించాడు, మతం పేరిట తుపాకి పట్టినవాళ్ళనూ ప్రశ్నించాడు. 1984 జూన్‌లో స్వర్ణమందిరంలోకి సైన్యం ప్రవేశించినప్పుడు అక్కడి సిక్కు రెఫరెన్స్ లైబ్రరీలోని అమూల్యమైన లిఖిత ప్రతులు పోయాయి. అవి కాలిపోయాయా, తరలించారా అన్న వివాదం నేటికీ ఉంది. నాలుగేళ్ళకు, 1988 మార్చి 23న, భగత్ సింగ్‌ను ఉరితీసిన తేదీనాడే, పాశ్‌ను ఖలిస్తానీ ఉగ్రవాదులు కాల్చిచంపారు. ఒక లిపిలోని పాత పుస్తకాలను రాజ్యం కాపాడలేదు, అదే లిపిలో రాస్తున్న కవిని మతోన్మాదం బతకనివ్వలేదు. ప్రజల అక్షరానికి రెండు వైపులా శత్రువులు ఉంటారని చెప్పటానికి ఇంతకంటే ఏం కావాలి?

7

వ్యాసం రాయటం మొదలుపెట్టాక ఒక ఆదివారం హైదరాబాదులో ఒక గురుద్వారాకు వెళ్ళాను. 1830ల తొలినాళ్ళలో, దివాను చందూలాల్ కాలంలో, నిజాం సేవకు వచ్చిన పంజాబీ పటాలాల సంతతి ఇక్కడ ఉంది. వీళ్ళను దక్కనీ సిక్కులంటారు. గోవింద్ సింగ్ కన్నుమూసిన నాందేడ్ కూడా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోదే. అన్నం పంక్తిలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నాతో తెలుగులో మాట్లాడాడు, వడ్డించేవాడితో దక్కనీలో మాట్లాడాడు. పంజాబు ఎన్నడూ చూడలేదట.

"మరి గ్రంథం చదువుతారా తాతా?" అని అడిగాను.

"మా నాయన నేర్పిండు బిడ్డా. రోజూ పొద్దుగాల చదువుత."

"అర్థమైతదా?"

ఆయన కొంచెం సేపు ఊరుకుని, "కొంచెం అయితది. కానిది అడిగి తెలుసుకుంట. అడగకుంట చదివితే చిలక చదివినట్టే గదా" అన్నాడు.

సాహిత్య పాఠశాలలో నేను ఇవ్వవలసిన జవాబు ఇదే. అర్థం తెలియనక్కరలేదన్న ఆ కాగితానికీ, కానిది అడిగి తెలుసుకుంటానన్న ఈ ముసలాయనకీ మధ్యనే పవిత్ర భాష అన్న సమస్య అంతా ఉంది. తరం తరవాత తరం అడుగుతూ పోయినంతకాలం ఎంత పాత భాషైనా జనం సొత్తే. అడగవద్దన్న రోజున నిన్నటి భాష కూడా సంస్కృతమే అవుతుంది.

మనమూ దీనికి అతీతులం కాము. గిడుగు, గురజాడ ఎవరికోసం పోరాడారో ఆ జనానికి నేడు మన విమర్శ వ్యాసాలు ఎంతవరకు అర్థమవుతున్నాయి? వర్గం, పునాది, ఉపరితలం అన్న మాటలను మనం కూడా కొన్ని సందర్భాల్లో మంత్రాల్లాగే పలకటం లేదా? అడిగిన విద్యార్థిని 'మనకేం పని' అని కూర్చోబెట్టిననాడు నేను చేసినది పూజారి పనే.

ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. ఈ పత్రిక ఆమె చేతికి అందితే, గురుముఖి ఏ ప్రజల భాష అన్న ప్రశ్నకు నా సవరణ ఇది: అది భాష కాదు, లిపి. వర్తకుల పద్దుల్లోంచి గురువులు బయటికి తెచ్చినది, తల్లులు నేర్పినది, గదర్ కూలీలు చదివినది, రవిదాసీలు విడవనిది, పాశ్ రాసినది. దానితో మనకు చాలా పని ఉంది.